ఎందరో కాటన్లు

గోదావరి జిల్లాల్లో కాటన్ అంటే ఒక్కరే. ధవళేశ్వరం దగ్గర నదికి ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్. ఊరి కూడళ్లలో గుర్రమెక్కి కనిపించే విగ్రహాలు ఆయనవే, ఏటా మే 15న పూలదండలు పడేదీ వాటికే. గోదావరిలో మునిగేటప్పుడు ఆయనను భగీరథుడిగా తలుచుకునే సంస్కృత శ్లోకం కూడా ప్రచారంలో ఉంది. ఇంగ్లండులో మాత్రం ఆ పేరు ఎత్తగానే ఏ కాటన్ అని అడుగుతారు. పాత రాతప్రతులు చదివేవారికి ఒక కాటన్, గోల్ఫ్ అభిమానులకు ఇంకొకరు. అమెరికా చర్చి చరిత్ర తెలిసినవారికి మరొకరు. భారతదేశ చరిత్రలోనే ఆ పేరున్నవారు అరడజనుకు తక్కువ లేరు. వారిలో ఒకాయన తెలుగువారికి నీళ్లు కాదు, నైజాం సైన్యానికి తుపాకులు తెచ్చారు.

ఇంటిపేరు ఒకటే అయితే ఎక్కడో ఒకచోట చుట్టరికం తగులుతుందని తెలుగువారికి గట్టి నమ్మకం. గోత్రం కూడా కలిస్తే పెళ్లి ప్రస్తావనే తేరు. ఈ అలవాటుతో ఇంగ్లీషు ఇంటిపేర్లను చూస్తే పప్పులో కాలేసినట్టే. కాటన్ అన్నది ఊరిపేరు. ప్రాచీన ఇంగ్లీషులో కాట్ అంటే పాక, గుడిసె. పాకల దగ్గర అనే అర్థమిచ్చే రూపమే కాలక్రమంలో కాటన్, కోటన్ అనే ఊరిపేర్లయింది. నాలుగు పాకలు లేని ప్రాంతం ఉండదు కనుక స్టాఫర్డ్‌షైర్‌లో ఒక కాటన్, కేంబ్రిడ్జ్ పక్కన ఒక కోటన్, ఇలా దేశమంతా వెలిశాయి. మధ్యయుగాల్లో ఇంటిపేర్లు స్థిరపడుతున్నప్పుడు ఈ ఊళ్లు వదిలి వెళ్లినవారిని పొరుగువారు ఆ ఊరి పేరుతోనే పిలిచారు. అంటే ఈ ఇంటిపేరు మొదటినుంచీ ఒక వంశానిది కాదు, ఒకదానికొకటి తెలియని ఎన్నో కుటుంబాలది. పత్తికీ దీనికీ సంబంధం లేదు. పత్తిని సూచించే మాట అరబ్బీ నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు చేరింది. భౌతికశాస్త్రంలో కాటన్ ప్రభావానికి పేరిచ్చిన ఎమే కాటన్ ఫ్రెంచివారు కాబట్టి ఈ లెక్కలోకే రారు. అక్షరాలు మాత్రం ఒకటే.

ఈ పేరున్నవారిలో ప్రపంచానికి అందరికంటే ఎక్కువ మిగిల్చి వెళ్లింది బహుశా సర్ రాబర్ట్ కాటన్. 1571లో హంటింగ్డన్‌షైర్‌లో పుట్టారు. వెస్ట్‌మినిస్టర్ బడిలో చరిత్రకారుడు విలియం కామ్డెన్ దగ్గర చదువుకున్నారు. ఎనిమిదో హెన్రీ మఠాలను మూయించినప్పుడు వాటి గ్రంథాలయాలు చెల్లాచెదురయ్యాయి. శతాబ్దాల నాటి తోలు ప్రతులు బైండింగు అట్టలకూ, సరుకులు చుట్టడానికీ పోయాయి. మిగిలినవాటిని రాబర్ట్ కొన్నారు, అడిగి తెచ్చుకున్నారు, కొన్నిసార్లు అరువు తెచ్చి తిరిగి ఇవ్వలేదు. స్కాట్లండు రాజు రాబర్ట్ బ్రూస్‌తో రక్తసంబంధం ఉందని చాటుకోవడానికి తన పేరు మధ్యలో బ్రూస్ చేర్చుకున్నారు. వంశగౌరవం మీద అంత మోజున్న మనిషే ఇతరుల వంశపత్రాలనూ అంత శ్రద్ధగా కాపాడారు.

ఆయన పుస్తకాల బీరువాల మీద రోమన్ చక్రవర్తుల శిరోవిగ్రహాలు ఉండేవి. క్లియోపాత్రా, ఫౌస్టినా అనే ఇద్దరు స్త్రీలకూ చోటు దొరికింది. ఏ ప్రతి ఎక్కడుందో చెప్పాలంటే ముందు చక్రవర్తి పేరు, తరువాత అర, ఆపైన వరుసలో దాని స్థానం. ఆ బీరువాలు పోయి చాలా కాలమైంది, సంఖ్యలు మాత్రం మారలేదు. ఇంగ్లీషు సాహిత్యంలో తొలి మహాకావ్యంగా చెప్పే బేవుల్ఫ్‌కు మిగిలిన ఏకైక రాతప్రతి నేటికీ బ్రిటిష్ లైబ్రరీలో కాటన్ విటెల్లియస్ ఏ 15. లిండిస్‌ఫార్న్ సువార్తల ప్రతి నీరో పేరు మీద ఉంది. రాజు అధికారానికి హద్దులు పెట్టిన 1215 నాటి మాగ్నా కార్టా ప్రతులు ప్రపంచంలో నాలుగే మిగలగా అందులో రెండు ఆయన సేకరణలోవే.

ఇది ధనికుడి సరదా మాత్రమే అయితే రాజుకు కోపం వచ్చేది కాదు. ఫ్రాన్సిస్ బేకన్, వాల్టర్ రాలీ వంటివారు ఈ పుస్తకాలను వాడుకున్నారు. అంతకంటే ముఖ్యం, రాజుతో తగవు పడుతున్న పార్లమెంటు సభ్యులకు పాత పూర్వోదాహరణలు దొరికేది ఇక్కడే. అందుకే 1629లో మొదటి చార్లెస్ ప్రభుత్వం గ్రంథాలయానికి తాళం వేయించింది. తన పుస్తకాల దగ్గరికి తనకే దారి లేకుండా రాబర్ట్ 1631లో చనిపోయారు. మనవడు సర్ జాన్ కాటన్ తరంలో, 18వ శతాబ్ది ఆరంభానికి అదంతా జాతి ఆస్తి అయింది. 1731 అక్టోబరు 23న దాన్ని ఉంచిన ఆష్‌బర్న్‌హామ్ భవనం అంటుకుంది. ఆ భవనానికి ఆ పేరు ఉండటం చూస్తే విధికి కూడా చమత్కారం తెలుసనిపిస్తుంది. ఆష్ అంటే బూడిద, బర్న్ అంటే కాలడం. ఆల్ఫ్రెడ్ రాజు జీవితచరిత్రకున్న పాత ప్రతి బుగ్గయింది. మాగ్నా కార్టా ప్రతి ఒకటి దెబ్బతింది, దాని ముద్ర కరిగిపోయింది. బేవుల్ఫ్ అంచులు మాడిపోయి తరువాత దశాబ్దాలపాటు అక్షరాలు పొడిగా రాలుతూ వచ్చాయి. 1787లో థోర్కెలిన్ అనే ఐస్‌లాండ్ పండితుడి పూనికతో తయారైన నకళ్లు లేకపోతే ఇవాళ ఎన్నో పంక్తులు ఖాళీగా ఉండేవి. 1753లో బ్రిటిష్ మ్యూజియం ఏర్పడినప్పుడు దాని పునాది సేకరణల్లో ఇదొకటి.

ఆర్థర్ కాటన్‌ది వేరే కుటుంబం. చెషైర్, ష్రాప్‌షైర్ సరిహద్దులోని కాంబర్‌మియర్ మఠాన్ని ఎనిమిదో హెన్రీ రద్దు చేసి 1530ల చివర సర్ జార్జ్ కాటన్‌కు కట్టబెట్టారు. అక్కడినుంచి భూస్వాములుగా ఎదిగిన కుటుంబం అది. ఒక కాటన్ పుస్తకాలు సేకరించడానికీ, మరో కాటన్ ఎస్టేటు సంపాదించడానికీ మఠాల పతనమే కారణం కావడం గమనించదగ్గది. ఈ కాంబర్‌మియర్ వారిలో స్టేపుల్టన్ కాటన్ సైనికుడు. 1799లో టిప్పు సుల్తాన్ మీద యుద్ధంలో పాల్గొని, స్పెయిన్‌లో వెల్లింగ్టన్ కింద అశ్వికదళాన్ని నడిపి, భారతదేశంలో సర్వసేనానిగా 1826లో భరత్‌పూర్ కోటను పట్టుకున్నారు. ఆర్థర్ ఆయన బాబాయి కొడుకు. ఆర్థర్ అన్న సిడ్నీ కాటన్ 1857లో పెషావరులో సేనాపతి. తమ్ముడు ఫ్రెడరిక్ కూడా మద్రాసు ఇంజనీర్ల దళంలోనే చేరారు.

ఒకే ఇంట ఇంతమంది భారతదేశానికి రావడం యాదృచ్ఛికం కాదు. ఈస్టిండియా కంపెనీలో కొలువు సంపాదించాలంటే డైరెక్టరు ఎవరైనా పేరు సూచించాలి. ప్రతి డైరెక్టరుకూ ఏటా ఇన్ని ఉద్యోగాలని వాటా ఉండేది. ఆ వాటా కొడుకులకు, మేనల్లుళ్లకు, స్నేహితుల పిల్లలకు పోయేది. పదకొండు మంది కొడుకులున్న ఇంటికి, పెద్దవాడికి తప్ప భూమి దక్కని ఇంగ్లండు వారసత్వ పద్ధతిలో కంపెనీ కొలువు గొప్ప ఆసరా. ఆర్థర్ పదో కొడుకు. అడిస్కోంబ్ సైనిక విద్యాలయంలో చదివి పద్దెనిమిదేళ్లకు 1821లో మద్రాసులో దిగారు. 1853 చట్టం డైరెక్టర్ల సిఫారసుకు బదులు సివిల్ కొలువులకు పోటీ పరీక్ష పెట్టేదాకా ఈ దారి తెరిచే ఉంది. ఇక్కడ మాత్రం ఇంటిపేరు నిజంగా ఒక ఆధారం, ఎవరు ఎవరి అండతో వచ్చారో అది చెబుతుంది.

వచ్చాక చేసిన పని మాత్రం ఇంటిపేరుది కాదు. కావేరి పాయ అయిన కొల్లిడం మీద 1836లో ఆనకట్టలు కట్టేటప్పుడు ఆర్థర్ చోళుల నాటి కల్లణై ఆనకట్టను క్షుణ్ణంగా పరిశీలించారు. లోతు తెలియని ఇసుకలో పునాది ఎలా నిలబెట్టాలో ఆ పాత భారతీయ నిర్మాతల దగ్గరే నేర్చుకున్నామని ఆయనే రాసుకున్నారు. గోదావరి ప్రాంతం అప్పటికే చితికిపోయి ఉంది. 1832, 33 సంవత్సరాల కరువు, 1839లో కోరంగిని ముంచిన తుఫాను, వలసలు, పడిపోయిన శిస్తు. ఆర్థర్ నివేదికల్లో జాలి ఉంది, దాన్ని మించిన లెక్కలూ ఉన్నాయి. ఇంత ఖర్చు పెడితే ఇంత రాబడి అని రూపాయల్లో చూపించబట్టే లండన్ ఒప్పుకుంది. 1847లో మొదలై 1852లో ముగిసిన ఆనకట్ట ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా లంకల మధ్య సాగింది. వీణెం వీరన్న వంటి స్థానిక సహాయకులు లేకుండా అది సాధ్యమయ్యేది కాదు. విగ్రహాల సంఖ్యలో మాత్రం కాటన్ దొరకే అగ్రస్థానం. రైళ్లకంటే పడవ కాలువలు చవక అని ఆయన జీవితాంతం వాదించి లండన్‌లో చాలామందికి విసుగు తెప్పించారు. ఆ వాదంలో అతిశయోక్తి ఉన్నమాట నిజమే. కరువు కాలంలో నీటికి రైలు ప్రత్యామ్నాయం కాదన్న భాగం మాత్రం కాలానికి నిలబడింది.

ఆర్థర్ కూతురి సంగతి తెలుగునాట ఎక్కువమంది ఎరగరు. ఎలిజబెత్ కాటన్ 1842లో ఆస్ట్రేలియా దక్షిణాన టాస్మానియాలో పుట్టారు. డోర్కింగ్‌లో తాగుడు మాన్పించడానికి కాఫీ గదులు నడిపి మతప్రచారకురాలిగా పేరు తెచ్చుకున్నారు. 1877లో నౌకాదళ అధికారి సర్ జేమ్స్ హోప్‌ను పెళ్లాడి లేడీ హోప్ అయ్యారు. తండ్రి జీవితచరిత్ర రాసి 1900లో ప్రచురించింది ఆమే. ఆర్థర్ గురించి మనం చెప్పుకునే ఎన్నో విషయాలకు మూలం ఆ పుస్తకం. 1915లో అమెరికాలోని బోస్టన్ నగరపు బాప్టిస్టు పత్రిక ఒకటి లేడీ హోప్ చెప్పిన కథ ఒకటి అచ్చువేసింది. పరిణామ సిద్ధాంతకర్త చార్లెస్ డార్విన్‌ను చివరి రోజుల్లో చూడబోయాననీ, ఆయన బైబిలు చదువుతూ కనిపించి, తన సిద్ధాంతాల గురించి బాధపడ్డారనీ అందులోని సారాంశం. డార్విన్ పిల్లలు దాన్ని ఖండించారు. తండ్రి చివరి జబ్బులో ఆమె అక్కడ లేనే లేరని కూతురు హెన్రియెటా 1922లో స్పష్టంగా రాశారు. అయినా డార్విన్ మరణశయ్య మీద మారిపోయారన్న మాట నేటికీ వేదికల మీద తిరుగుతూనే ఉంది. గోదావరి డెల్టాకు నీరిచ్చిన మనిషి ఇంటినుంచే ఇంత మొండి పుకారు పుట్టింది. ఆమె పెళ్లితో పేరు మార్చుకోవడం వల్ల ఈ రెండు విషయాలనూ ఎక్కువమంది కలిపి చూడలేదు.

మద్రాసులో ఇంకో కాటన్ కుటుంబం ఉండేది. కంపెనీ డైరెక్టరు కెప్టెన్ జోసెఫ్ కాటన్‌తో మొదలై తరతరాలుగా కొలువులు చేసినవారు. ఆయన మునిమనవడు హెన్రీ కాటన్ 1845లో కుంభకోణంలో పుట్టారు. ఐసీఎస్‌లో చేరి అస్సాం చీఫ్ కమిషనర్ అయ్యారు. తేయాకు తోటల కూలీలకు జీతం పెంచాలని పట్టుబట్టి తోటల యజమానుల ఆగ్రహం మూటగట్టుకున్నారు. పదవీ విరమణ తరువాత 1904లో బొంబాయి కాంగ్రెస్ మహాసభకు అధ్యక్షత వహించారు. స్వతంత్ర రాష్ట్రాల సమాఖ్యగా భారత సంయుక్త రాష్ట్రాలు అనే ఆదర్శాన్ని ఆ వేదిక మీదే ప్రతిపాదించారు. తెల్లవాడు కాంగ్రెస్ అధ్యక్షుడు కావడం నేడు వింతగా తోచినా ఆనాటికి అది కొత్త కాదు. ఆయన కొడుకు జూలియన్ జేమ్స్ కాటన్ మద్రాసు ఐసీఎస్‌లో ఉంటూ మద్రాసు ప్రెసిడెన్సీలోని సమాధుల మీది శాసనాలను 1905లో సంకలనం చేశారు. ఆ ప్రెసిడెన్సీలో మన కోస్తా జిల్లాలూ భాగమే. కోస్తా రేవుల్లోని యూరోపియన్ సమాధుల వివరాలు వెతికేవారు నేటికీ ఆ జాబితానే తిరగేస్తారు.

ఇక తుపాకుల కాటన్. ఫ్రెడరిక్ సిడ్నీ కాటన్ 1894లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో పుట్టారు. మొదటి ప్రపంచయుద్ధంలో పైలట్‌గా చేస్తూ చలికి తట్టుకునే దుస్తులు కనిపెట్టారు. వాటికి సిడ్‌కాట్ అని పేరు, సిడ్నీలోని సగం, కాటన్‌లోని సగం కలిపి. 1939లో బ్రిటిష్ గూఢచారి శాఖ తరఫున వ్యాపారవేత్త వేషంలో జర్మనీ మీద ఎగురుతూ రహస్యంగా ఫోటోలు తీశారు. ఎత్తులో కెమెరా అద్దాలు మంచు పట్టకుండా ఇంజను వేడిగాలిని వాటి మీదికి మళ్లించడం, స్పిట్‌ఫైర్ విమానాల తుపాకులు, అదనపు బరువు తీసేసి వేగం పెంచడం ఆయన ఆలోచనలే. రెండో ప్రపంచయుద్ధంలో గగనతల నిఘా ఆధునిక రూపం దాల్చింది ఆ ప్రయోగాల్లోనే. పై అధికారులతో పొసగక 1940లో ఆయనను తప్పించారు. 1948లో లాంకాస్ట్రియన్ విమానాలతో కరాచీ నుంచి రాత్రివేళ బయలుదేరి బీదర్, వరంగల్ వంటి చోట్ల దిగి నైజాం ప్రభుత్వానికి ఆయుధాలు అందించారు. సెప్టెంబరు 13న భారత సైన్యం అడుగుపెట్టి అయిదో రోజుకు పోరు ముగిసింది. చివరికి బ్రిటిష్ న్యాయస్థానం ఆయనకు వేసింది 200 పౌండ్ల జరిమానా. ఆ ఆయుధాలు యుద్ధ ఫలితాన్ని మార్చలేదు, ఎగిరిన గంటలకు డబ్బు మాత్రం ముట్టింది. తెలంగాణ చరిత్ర పుస్తకాల్లో ఈ పేరు చూసి గోదావరి కాటన్‌కు బంధువా అని అడిగేవారున్నారు. కలిసింది ఇంటిపేరు ఒక్కటే.

అమెరికాలో ఈ పేరు మొదట మతంతో వెళ్లింది. లింకన్‌షైర్‌లోని బోస్టన్ పట్టణ చర్చి అధిపతి జాన్ కాటన్ ఇంగ్లండు చర్చిని సంస్కరించాలనే ప్యూరిటన్ భావాల వల్ల వెంటాడబడి 1633లో ఓడెక్కారు. నడిసముద్రంలో పుట్టిన కొడుక్కి సీబార్న్, అంటే సముద్రజాతుడు అని పేరు పెట్టారు. ఆయన కూతురి కొడుకు కాటన్ మేథర్. తల్లి పుట్టింటి పేరే అతని సొంత పేరయింది, అలా ఇంటిపేరు ముందుకు జరిగింది. 1692 సేలం మంత్రగత్తెల విచారణలను సమర్థిస్తూ రాసిన అపకీర్తి కాటన్ మేథర్‌ది. అదే మనిషి 1721లో అమెరికాలోని బోస్టన్‌లో మశూచి వ్యాపించినప్పుడు, బానిసగా తన ఇంట పనిచేసిన ఒనెసిమస్ ఆఫ్రికాలో తనకు వేశారని చెప్పిన టీకా పద్ధతిని వాడాలని పోరాడారు. ఊరు ఎదురు తిరిగింది, ఆయన ఇంట్లోకి ఎవరో బాంబు విసిరారు. టీకా వేయించుకున్నవారిలో దాదాపు 2 శాతం చనిపోతే, మామూలుగా సోకినవారిలో సుమారు 14 శాతం చనిపోయారు. బానిస మాట నిజమని లెక్కలు తేల్చాయి.

హెన్రీ కాటన్ అనే పేరుకు ప్రత్యేకంగా జాగ్రత్త కావాలి. కాంగ్రెస్ అధ్యక్షుడు కాక ఇంకా ఇద్దరున్నారు. ఒకరు 1934, 1937, 1948 బ్రిటిష్ ఓపెన్ గెలిచిన గోల్ఫ్ ఆటగాడు. 1934లో ఆయన ఒక రౌండును 65 దెబ్బలతో ముగించిన ఘనతను ఒక గోల్ఫ్ బంతి పేరులో కూడా వాడుకున్నారు. రెండోవారు న్యూజెర్సీలోని ట్రెంటన్ మానసిక చికిత్సాలయ అధిపతి డాక్టర్ హెన్రీ ఆండ్రూస్ కాటన్. 1907లో ఆ బాధ్యత తీసుకోగానే రోగులను కట్టేసే పద్ధతి మాన్పించిన సంస్కర్త ఆయన. తరువాత పిచ్చికి మూలం శరీరంలో దాగిన చీము అని నమ్మారు. రోగుల పళ్లు పీకించారు, టాన్సిళ్లు, చివరికి పెద్దపేగు భాగాలు కోయించారు. 85 శాతం మంది నయమయ్యారని చాటుకున్నారు. 1920ల మధ్య ఫిలిస్ గ్రీనేకర్ అనే వైద్యురాలు రికార్డులు పరిశీలిస్తే శస్త్రచికిత్స చేసినవారిలో ఎందరో మరణించినట్టు బయటపడింది. ఆమె నివేదికను ఆనాటి ప్రముఖుడు అడాల్ఫ్ మేయర్ బయటకు రానివ్వలేదు. తన కొడుకుల పళ్లు కూడా పీకించిన మనిషిని కపటి అనలేం. అందుకే ఆ కథ ఇంకా భయపెడుతుంది.

రసాయనశాస్త్రం చదివిన తెలుగు విద్యార్థులకు ఇంకో కాటన్ తెలుసు, ఎమ్మెస్సీ పాఠ్యపుస్తకం మీద విల్కిన్‌సన్‌తో జోడీగా. ఫ్రాంక్ ఆల్బర్ట్ కాటన్ 1964లో రెండు రీనియం లోహ పరమాణువుల మధ్య నాలుగింతల బంధం ఉందని నిరూపించినప్పుడు, అటువంటిది ఉంటుందని అప్పటిదాకా పాఠ్యపుస్తకాలే చెప్పలేదు.

పత్తితో ఈ పేరుకు సంబంధం లేదన్నది ఇంగ్లండు వరకే. అమెరికా దక్షిణాదిలో బానిసత్వం రద్దయ్యాక నల్లవారికి 1870 జనగణనలో మొదటిసారి ఇంటిపేర్లు రాశారు. వాటిలో తెల్ల యజమానుల పేర్లు, ఇంగ్లండు ఊళ్ల పేర్లు ఎన్నో ఉన్నాయి. పత్తి చేలలో పనిచేసే కుటుంబాలు ఆ పేర్లను మోశాయి. మిసిసిపీలోని టునికాలో 1935లో పుట్టిన హార్మోనికా కళాకారుడు జేమ్స్ కాటన్ అలాంటి కౌలు రైతుల బిడ్డ. ఆయన 1954లో మెంఫిస్‌లోని సన్ స్టూడియోలో పాడిన బ్లూస్ పాట పత్తి పంట మీద. తరువాత బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ బృందంలో ఏళ్ల తరబడి వాయించారు.

నార్త్ కరోలినాలో పెరిగిన డొరొతీ ఫోర్‌మన్‌కు ఈ పేరు పెళ్లితో వచ్చింది. జార్జ్ కాటన్‌ను పెళ్లాడిన ఆమె మార్టిన్ లూథర్ కింగ్ సంస్థలో విద్యా విభాగానికి అధిపతి. దక్షిణాది రాష్ట్రాలు ఓటరుగా నమోదు కావాలంటే చదువు పరీక్ష పెట్టేవి. రాజ్యాంగంలోని ఒక అంశం చదివి వివరించమని నల్లవారినే ఎక్కువగా వేధించేవారు. డొరొతీ కాటన్, సెప్టిమా క్లార్క్, ఆండ్రూ యంగ్ కలిసి జార్జియాలోని డార్చెస్టర్ కేంద్రానికి ఊళ్ల నుంచి రైతులను, వంటవాళ్లను, క్షురకులను రప్పించారు. ఫారం నింపడం, సంతకం పెట్టడం, చట్టం చదవడం నేర్పి మళ్లీ తమ ఊళ్లలో పాఠాలు చెప్పమని పంపారు. 1965 ఓటుహక్కు చట్టం ఆ పరీక్షలను నిలిపివేసే నాటికి ఆ శిక్షణ పొందినవారు దక్షిణాది రాష్ట్రాల్లో వేల సంఖ్యలో ఉన్నారు.